పెద్దలకు చెప్పిన మంత్రి

ఆ ఏడు మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే వేళకి, మంత్రులందర్నీ ఒక్కసారే దింపేశారని రేడియో చెప్పింది. కొత్తవాళ్ళ పేర్లు తర్వాత చదువుతామంది. తర్వాత అంటే రేపా, వచ్చే నెలా, అది మాత్రం చెప్పలేదు. మా కొండల్లో ముసురు పట్టిందంటే మనిషీ మేకా మట్టీ అన్నీ ఒకే వాసన వేస్తాయి. ఆ కబురూ అలాగే పట్టింది. ఏట్లో బట్టలుతికే చోటా పేర్లే, సంతలో చేమదుంపల గుట్టల దగ్గరా పేర్లే. ఫలానా శాఖ ఫలానావాడికట. కాదట, వాడి బావమరిదికట. కడుపు నిలవకముందే ఉయ్యాల కట్టే జనం, ఏం చేస్తాం.

మా ఇంట్లో ఆ కబురుకి పీట వేసి కూర్చోబెట్టారు. ఎందుకంటే మా మరిది నుబిసీ రాజధానిలో నీళ్ళ శాఖలో పెద్ద ఇంజినీరు. దేశమంతా తిరిగి బోర్లు వేయించేవాడు. నేను కాపురానికొచ్చేసరికి వాడు తల్లి లేని పసివాడు. వాణ్ణి వీపున కట్టుకునే పొలంలో మట్టి తిరగేశాను. నాకు నలుగురు పుట్టారు గానీ, నా వీపు ఎరిగిన మొదటి బరువు వాడిదే. ఎంత పెద్ద ఉద్యోగం చేసినా నాకు వాడు వాడే.

మా ఇంటాయన సొకెంగ్, వాడికి అన్న. మామగారు పోయాక ఇంటికి వారసుడయ్యాడు. పొలాలకీ కాఫీతోటకీ అని కాదు, ముఖ్యంగా పెద్దల ఇంటికి. మా వాకిలి చివర చిన్న మట్టిగది ఉంది. అందులో మామగారి తల, ఆయన తండ్రి తల, వాళ్ళ అమ్మల తలలు, ఒక్కొక్కటీ ఒక్కో కుండ కింద ఉంటాయి. పోయినవాళ్ళను మట్టిలో పెట్టి, కాలం తీరాక తల పైకి తీసి ఇంటికి తెచ్చుకోకపోతే వాళ్ళు వానలో నిలబడ్డట్టే కదా. వాళ్ళకి పామాయిలు పోసేదీ, ఉప్పు చల్లేదీ, ఇంట్లో జరిగింది చెప్పేదీ వారసుడే. ఇంకెవరి నోటినుంచీ వాళ్ళు వినరు.

ఇక నా సవతి జుయికో. వయసులో నాకంటే బాగా చిన్నది, నోరు మాత్రం నాకంటే ముందు పుట్టింది. రోడ్డుమీద బీరుకొట్టు పెట్టుకుంది. ఆ కొట్లోనే ఊరి రేడియో, ఊరి కబుర్లు, ఊరి తగాదాలు. మా ఇద్దరికీ ఎప్పుడూ పొయ్యి దగ్గర మాటామాటా వచ్చేది గానీ, ఒకరి పిల్లలకి జ్వరమొస్తే ఇంకొకరు నిద్రపోయేవాళ్ళం కాదు.

ఆ కొట్లోనే ఒక సాయంత్రం వాదన పడింది. పేరు వినబడుతూనే ఉంది, సరే, మరి అయినట్టు ఎప్పుడు లెక్క? బఫుసామ్ పట్నం బస్సు నడిపే ఫింగూ, ఇంటిముందు తుపాకీ పోలీసు నిలబడితేనే అయినట్టన్నాడు. బళ్ళో చెప్పి మానేసిన తలా అనే మాస్టారు, సాయంత్రం వార్తల్లో రేడియో చదివేదాకా అదంతా గాలేనన్నాడు. పత్రికవాళ్ళు పొట్ట కోసం రాస్తారు, పరదేశపు రేడియోలు సరదాకి చెప్తాయి, సంతకం పడ్డ కాగితం చదివే గొంతు ఒక్కటే ఉంది, అన్నాడు. చిక్కుడుగింజలమ్మే ఆడవాళ్ళు, ఆ మనిషి అత్తగారికి కొత్త గుడ్డ కొంటే అయినట్టేనని నవ్వారు. జుయికో సీసాలు తుడుస్తూ, అప్పుపెట్టి తాగేవాళ్ళు అప్పు తీరిస్తే అయినట్టంది.

మా ఇంటాయన్నీ అడిగారు. ఆయన మాట బరువు, ఎత్తడానికి సమయం పట్టేది.

"మా ఇంట్లో లెక్క ఒకటే. లోపలివాళ్ళకి చెప్పిందే జరిగినట్టు. జరక్కముందు వాళ్ళకి చెప్పం" అన్నాడు.

అది నిజం. బిడ్డ పుట్టిందని బొడ్డు ఊడాకే చెప్తాం. మొక్కజొన్న పండిందని అటకెక్కించాకే చెప్తాం. వస్తాడు, అవుతాడు, ఇస్తారు, ఇలాంటి మాటలు ఆ గదిలో పలకం. పోయినవాళ్ళకి రేపు లేదు. వాళ్ళు విన్నది విన్నట్టు నమ్మి దాని మీద కూర్చుంటారు, మళ్ళీ లేపలేం. ఇంకొకటి కూడా ఉంది. వాకిట్లో సంతోషపు కల్లు పోసేముందు ఆ సంతోషం ఏమిటో వాళ్ళకి చెప్పాలి. చెప్పకుండా తాగితే, మా ఇంట్లో మాకే తెలీకుండా పెళ్ళా అని వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకున్న పెద్దలు ముందు ఇంట్లో పసివాళ్ళ వైపే చూస్తారు.

కొన్నాళ్ళకి జుయికో ఫోను మోగి తెగిపోయింది, నుబిసీ నంబరు. ఇంటి దగ్గర మాట వినబడదు, యూకలిప్టస్ చెట్ల మిట్ట ఎక్కాలి. జుయికో కొట్టు వదల్లేక నన్ను పొమ్మంది. కొంగు తలమీద కప్పుకుని, జారుతూ పడుతూ ఎక్కాను.

"వదినా, పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"చెట్లు ఉన్నాయి, నేనున్నాను."

"నన్ను పిలిచారు వదినా. అధ్యక్షుడి పెద్ద భవనానికి. నా కాగితాలన్నీ అడిగి తీసుకున్నారు. ఫోను చేతిలోంచి దించొద్దన్నారు. సూటు ఉందా అని కూడా అడిగారు."

అయితే అయినట్టేనా నాయనా అన్నాను.

ఫోనులో వాన చప్పుడు అటూ ఇటూ ఒకటే.

"అయినట్టే. కానీ చదివేదాకా పెన్ను ఆ పెద్దాయన చేతిలోనే ఉంటుంది వదినా. ముందే చప్పుడు చేసినవాడి పేరుమీద గీత పడుతుందంటారు. అన్నయ్యకి ఒక్కడికే చెప్పు. జుయికో వదినకి మాత్రం అస్సలొద్దు."

"నేను మాట్లాడుతున్నది దాని ఫోనులోనే నాయనా."

వాడు నవ్వాడు. చిన్నప్పుడు నా వీపుమీద ఎలా నవ్వేవాడో, అదే నవ్వు, నా మెడకి తగిలినట్టయింది.

ఇంటాయనకి చెప్పాను. కాఫీ మొక్కల కింద కలుపు తీస్తున్నాడు. విని, కొడవలి మట్టికి గుచ్చి, మళ్ళీ తీసి, కలుపు తీయడం మొదలుపెట్టాడు. ఆ పూట ఒక కాఫీ మొక్క కూడా కలుపుతో పాటు పోయింది, ఆయన చూసుకోలేదు. జుయికో, ఏమన్నాడక్కా అని పొయ్యిచుట్టూ తిరిగింది. అడుగున నీళ్ళు పడుతున్నాయట, బోరులో, అన్నాను. అబద్ధమని దానికి తెలుసు. అలిగి ఉప్పు దాచేసింది. నేను దాచుకున్నదానికంటే దాని ఉప్పే నయమనిపించింది.

అలా మేం ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని ఉంటే, కబురు ఇంకో దారిన వచ్చింది. సంతరోజు. ఫింగూ బస్సు ఆపీ ఆపకముందే కిటికీలోంచి పత్రిక ఊపుతూ కేకేశాడు. కాబోయే మంత్రులు వీళ్ళేనని రాజధాని పత్రిక పేర్లు వేసింది. నీళ్ళ శాఖ దగ్గర మా నుబిసీ. ఫోటో కూడా. తలా మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు, మళ్ళీ తుడుచుకుని మళ్ళీ చదివాడు. రేడియో చదవాలన్నది ఆయనే కదా. మరి ఆ రోజు, అచ్చులో పడ్డాక ఇంకేముందిలే, ఫోటో ఊరికే వేస్తారా, అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. పక్కవాడు సంతోషంగా ఉంటే కాదని చెప్పడానికి రాతిగుండె కావాలి.

సంత సంతంతా మా ఇంటికి కదిలింది. అరటిగెలలు నెత్తిన పెట్టుకుని కొందరు, మేకను ఈడ్చుకుంటూ కొందరు, సొరకాయ బుర్రల్లో రాఫియా చెట్టు కల్లు మోసుకుంటూ కొందరు. మా పేట ఆడవాళ్ళు పండగలకి కట్టే నీలంమీద తెల్లగీతల గుడ్డలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో వచ్చేశారు. జుయికో నన్ను చూసి, బోర్లో నీళ్ళు బాగానే పడ్డాయే అక్కా అంది, అని నన్ను గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. కొట్లో ఉన్న సీసాలన్నీ వాకిట్లోకి తెప్పించేసింది. మా ఊరి రాజుగారి మనిషి కూడా వచ్చాడు. రాజుగారు సంతోషించారని చెప్పి, మన్ననకిచ్చే కోలాగింజలు ఇంటాయన చేతిలో పెట్టాడు. రాజుగారి కోలాగింజల్ని ఎవడు కాదంటాడు.

ఇంటాయన అందరి మధ్యా చేతులెత్తి నిలబడ్డాడు. ఇంకా చదవలేదు, మీకు దణ్ణం, ఇళ్ళకు పోయి చదివాక రండి అన్నాడు. జనం పగలబడి నవ్వారు. మంత్రిగారి అన్న అప్పుడే మంత్రిలా మాట్లాడుతున్నాడన్నారు. ఎవరో డోలు మీద కర్ర వేశారు. ఇక ఆయన గొంతు ఆయనకే వినబడలేదు. వెనక ఎవరో అప్పుడే బుర్ర ఒకటి వంచేశారు.

కేంగ్నీ అత్త మా మామగారి చెల్లెలు. చూపు దాదాపు లేదు, గోడ పట్టుకుని నడిచేది. ఆవిడ ఆ గోలలోనే ఇంటాయన చేయి పట్టుకుంది.

"తాగేస్తున్నార్రా. చప్పుడు లోపలికి పోతోంది. మా అన్న లేచి కూర్చునుంటాడు. ఏమైందని అడిగితే ఏం చెప్తావు?"

"చెప్పాల్సింది ఇంకా జరగలేదు అత్తా."

"అయితే వీళ్ళని ఆపు. లేకపోతే వాళ్ళకి చెప్పు. రెండూ చేయకుండా నిలబడ్డావంటే రేపు పొద్దున ఏ బిడ్డ ఒళ్ళు కాలుతుందో నన్నడక్కు."

అప్పుడు ఆయన ఏం చేయాలి, మీరే చెప్పండి. ఆపడం ఎవరి తరం కాదు. నావైపు చూశాడు. ఫోనులో విన్నదాన్ని నేనే కదా, నా మొహంలో ఏం వెతికాడో మరి. వెళ్ళి నూనె చెంబు తీసుకొచ్చాడు.

మబ్బు కమ్మి గదిలో చీకటిగా ఉంటే, నేను గడప దగ్గర దీపం పట్టుకున్నాను. ఆయన కుండ కుండకీ ఎర్ర నూనె పోశాడు, ఉప్పు చల్లాడు. ఆ తర్వాత చెప్పాడు. పత్రిక గురించి చెప్పలేదు, పిలిచారన్న సంగతి చెప్పలేదు. అవి వాళ్ళకి అర్థమయ్యేవి కావు.

"నాన్నా, తాతా, అమ్మల్లారా. చప్పుడుకి ఉలిక్కిపడకండి, అది మన వాకిట్లో చప్పుడే. మీ చిన్నవాడు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. దేశంలో నీళ్ళన్నీ వాడి చేతికొచ్చాయి. దప్పికైన ఊరల్లా వాడి పేరు పెట్టి పిలుస్తుంది. వాడు మీ దగ్గరికి వస్తాడు, తన చేత్తో మీకు నూనె పోస్తాడు. అందాకా మీరు వాడి ముందు నడవండి."

అంతే. బయటికొచ్చి, నూనె అంటిన వేళ్ళతోనే బుర్ర అందుకుని తాగాడు. ఆ తర్వాత ఆ వాకిట్లో ఎంత సంతోషం, ఎన్ని ఆటలు. మా ఇంటాయన ఆడగా నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. బఫుసామ్ నుంచి వచ్చిన కుర్రవాడెవడో కెమెరాతో ఫోటోలు తీశాడు. ఆయన బుర్ర పైకెత్తి నవ్వుతున్నది ఆ పత్రికలోనే వచ్చింది. కొత్త నీళ్ళ మంత్రి ఊళ్ళో పండగ అని రాశారట.

మర్నాడు మిట్టెక్కి నేనే ఫోను చేశాను. వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఫోటో ఇక్కడికి వచ్చింది వదినా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగేది.

పేర్లు చదివిన సాయంత్రం బీరుకొట్లో నిలబడ్డానికి చోటు లేదు. రేడియోలో ఆ గొంతు ఊపిరి తీసుకోకుండా చదువుతుంది, పెళ్ళి పేరు అయినా చావు పేరు అయినా అదే తీరు. రోడ్లు ఫలానా. రైళ్ళు ఫలానా. జనం ఒక్కో పేరుకీ ఊ కొడుతున్నారు. నీళ్ళ శాఖ అంది. పేరు చెప్పింది. మా వాడి పేరు కాదు. ఊ కొట్టబోయిన జనం నోళ్ళు అలాగే ఉండిపోయాయి.

జుయికో మాత్రం చేయెత్తి అందర్నీ ఆపింది. ఇంకా చదువుతున్నాడుగా, ఉండండి, ఇంకో శాఖకి వేసుంటారు, ఇంజినీరు కదా దేనికైనా పనికొస్తాడు, అంది. చదవడం అయిపోయింది. ఫుట్‌బాల్ ఆట గురించి మొదలయ్యింది. అది ఇంకా రేడియోకి చెవి ఆనించి, దాన్ని నిమురుతూ అలాగే నిలబడింది. నేనే వెళ్ళి ఆపుచేశాను.

ఆ రాత్రికి తలో కారణం పుట్టింది. ముందే పండగ చేశారని కొట్టేశారన్నారు కొందరు. మొదట్నుంచీ ఆ పేరే లేదు, పత్రికవాళ్ళ ఆటన్నారు కొందరు. ఆ కొండలవాళ్ళకి ఇప్పటికే ఇద్దరు మంత్రులయ్యారని పక్కన పెట్టారన్నారు. ఏది నిజమో ఇప్పటికీ తెలీదు. మా పెరట్లో కట్టేసి ఉన్న ఆఖరు మేకని, ఇచ్చినవాడే పొద్దున్నే వచ్చి, అరుస్తుంటే నోరు పట్టుకుని తీసుకుపోయాడు. నేను చూసి కూడా చూడనట్టు పొయ్యి ఊదుకున్నాను.

ఇంటాయన ఎవర్నీ ఏమీ అనలేదు. జుయికోని కూడా. అది కొట్టు మూసుకుని ముసుగుతన్ని పడుకుంటే, ఆయనే వెళ్ళి గంజి ఇచ్చాడు. ఒక్కమాటే అంటూ తిరిగాడు. లోపలివాళ్ళకి ఇప్పుడేం చెప్పను అని.

అప్పట్నుంచి మా ఇంట్లో చప్పుడు తగ్గింది. పిల్లలు కూడా కాళ్ళు ఒత్తకుండా నడిచేవాళ్ళు. మూత పడితే అందరం పెద్దల గది వైపే చూసేవాళ్ళం. కేంగ్నీ అత్తకి కలలు మొదలయ్యాయి. మా మామగారు నీలంగుడ్డ కట్టుకుని, టోపీ పెట్టుకుని, గడపమీద కూర్చుని ఉన్నాడట. చెల్లీ, రోడ్డుమీద కారు చప్పుడైందా అని అడిగాడట. ఇంకా లేదన్నానురా అని చెప్పి, ఆవిడ మా ఇంటాయన మొహం చేత్తో తడిమింది. మళ్ళీ కల, మళ్ళీ అదే మాట. ఇంకో సంగతి చెప్తే నవ్వుతారేమో. పొద్దున లేచేసరికి ఆ గది ముందు వాకిలి ఊడ్చి ఉండేది. నేనూ ఊడవలేదు, జుయికో ఊడవలేదు. ఇంటాయన్ని అడిగితే, నువ్వే కదా ఊడ్చింది అన్నాడు. పెద్ద మనిషి రాక కోసం ఊడ్చినట్టు, రోడ్డు వైపుకి దారి చేసి మరీ ఊడ్చి ఉండేది.

ఇక ఉండబట్టలేక ఆయన సాలీడుతో సోది చూసేవాడి దగ్గరికి పోయాడు. నన్నూ తీసుకుపోయాడు. నేలబొరియలో ఉండే పెద్ద సాలీడు అది. బొరియమీద గుర్తులు కోసిన ఆకులు పేర్చి, కుండ బోర్లించి వదిలేస్తే, అది పైకొచ్చి ఆకులు కదుపుతుంది. ఇల్లు గుర్తు ఆకు బోర్లా పడి, బిడ్డ గుర్తు ఆకు దానికింద ఉంది. ఆ ముసలాయన దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. వాళ్ళు నీ మాట నమ్మి ఉన్నారు నాయనా, నమ్మినన్నాళ్ళూ ఏం కాదు, అన్నాడు. నీ తమ్ముడు వట్టి మనిషిగా ఆ వాకిలి తొక్కిననాడు నీది అబద్ధమని తేలుతుంది. అబద్ధమాడిన చేతి నూనె వాళ్ళు తాగరు. వాళ్ళు పస్తుంటే ఏమవుతుందో నీ పిల్లల్ని చూసుకుని నువ్వే చెప్పు, అన్నాడు.

మేమేమో నుబిసీ రావాలని రోజూ కోరుకుంటున్నాం. ఆ రోజు నుంచి రాకూడదని కోరుకోవడం మొదలుపెట్టాం. కన్నబిడ్డలాంటివాడు గడప తొక్కకూడదని కోరుకోవడం ఎలా ఉంటుందో, అది చెప్పడానికి నాకు మాటలు చాలవు.

వాడు వచ్చాడు. వానలు వెనకపట్టు పట్టి, మొక్కజొన్న అటకెక్కించే రోజుల్లో. ఉద్యోగంలోంచి తీయలేదు గానీ, బోర్ల పని లాగేసుకుని, బల్లా కుర్చీ తప్ప ఏమీ లేని గదిలో కూర్చోబెట్టారట. అక్కడ గోడలు చూడలేక, ఇంటికొచ్చి కొన్నాళ్ళు పడుకుందామనుకున్నాడట. బస్సు దిగి నడిచి వస్తున్నాడు. ఊరివాళ్ళు ఎదురుపడి పక్క డొంకల్లోకి తప్పుకుంటున్నారు. బూట్లు చేత్తో పట్టుకుని, కాళ్ళకి ఎర్రమట్టితో, మా కంచె సందు దగ్గరికి వచ్చాడు.

ఇంటాయనే ముందు చూశాడు. పరుగెత్తాడు. కౌగిలించుకోవడానికే అనుకున్నాను. సందుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"అక్కడే ఆగు తమ్ముడూ."

"ఏంటన్నయ్యా ఇది. మేకలు తిన్నది మీరు, తాగింది మీరు, కోపం నామీదా?" నవ్వుతూనే అన్నాడు వాడు.

"కోపం కాదురా. నిన్నిలా చూస్తే నా కడుపు తరుక్కుపోతోంది. అయినా లోపలికి రాకు."

సాలీడు సంగతంతా చెప్పాడు. పిల్లలు గుంజ చాటునుంచి చిన్నాన్న వచ్చాడని తొంగిచూస్తున్నారు. జుయికో కడగొట్టు పిల్ల, ఇంకా నడక రానిది, దాని చంకలోనే ఉంది. నుబిసీ ఆ పసిదాన్ని చూశాడు. చదువుకున్నవాడు కదా, ఇవన్నీ నమ్ముతావా అని అన్నని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"నాన్నకి నేనే చెప్పుకుంటానన్నయ్యా. జరగలేదు నాన్నా అంటాను. నన్ను కొడతాడా?"

"నిన్నెందుకు కొడతాడు. మరి నాకు చెప్పిందెవడని అడుగుతాడు."

వాడు నావైపు చూసి, తినడానికేమైనా ఉందా వదినా అన్నాడు.

కాఫీతోటలో, కంచెకి అవతల, అరటాకు పరిచి పెట్టాను. దంచిన చేమదుంప, పసుప్పచ్చ పులుసు, కామంచాకు కూర. నేల తడిగా ఉంటే నా పైగుడ్డ వేసి కూర్చోబెట్టాను. వాడు వేలితో పులుసు తిప్పుకుంటూ తిన్నాడు. తింటూ తింటూ అడిగాడు.

"ఆ రోజు లోపల ఏం చెప్పాడు వదినా? దీపం పట్టుకుంది నువ్వే కదా. మాట పోకుండా చెప్పు."

చెప్పాను. నాకు చదువు లేదు గానీ ఒకసారి విన్నది పోదు. చప్పుడుకి ఉలిక్కిపడకండి దగ్గర్నుంచి, మీరు వాడి ముందు నడవండి దాకా చెప్పాను. వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"దప్పికైన ఊరల్లా వాడి పేరు పెట్టి పిలుస్తుంది అన్నాడా? మా అన్నయ్యా?"

"అన్నాడు."

"అన్నయ్యకి అంత మాట వచ్చా." వాడు కంచె వైపు చూశాడు. "ఇంకోసారి చెప్పు వదినా."

ఇంకోసారి చెప్పాను. వాడు పసివాడు పాట వింటున్నట్టు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఆకులో ఉన్నదంతా మిగల్చకుండా తిన్నాడు. చేమాకులో నిలిచిన వాననీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. బూట్లు తొడుక్కున్నాడు, చొక్కా లోపలికి దోపాడు, కోటు గుండీలు అన్నీ పెట్టుకున్నాడు. నేను కాలరు మీద మట్టి దులిపాను. వెళ్ళొస్తానని చెప్పడానికి వస్తున్నాడనుకున్నాను.

కంచె దగ్గర ఇంటాయన ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. నుబిసీ ఆయన్ని చూడలేదు. ఆయన భుజం మీదుగా, వాకిలి చివర పెద్దల గది వైపు చూశాడు. పెద్ద సభలో మాట్లాడే గొంతుతో మాట్లాడాడు. వాడికి ఆ గొంతుందని నాకు అప్పుడే తెలిసింది.

"నాన్నా, నేను నుబిసీని. పని తెమలడం లేదు నాన్నా. నీళ్ళు లేని ఊళ్ళు ఇన్ని ఉంటాయనుకోలేదు, ఒకటి వదిలితే ఒకటి పిలుస్తోంది. కారు రోడ్డుమీద ఆపి, ఇలా దూరంనుంచే పలకరించి పోతున్నాను. తప్పుపట్టకు. నేను తీరిగ్గా వచ్చేదాకా అన్నయ్య పోసే నూనె తాగండి. అది నా చేతిదే అనుకోండి."

మా ఇంటాయన అడ్డంపెట్టిన చేతులు దించాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రాజుగారి ముందు వంగినట్టు నడుందాకా వంగి, రెండు చేతులూ దొప్పలుగా చేసి మెత్తగా చప్పట్లు తట్టాడు.

"వెళ్ళిరండి మంత్రిగారూ" అన్నాడు తమ్ముడితో.

వాడు తల ఊపి, వెనక్కి తిరిగి, వీపు నిటారుగా పెట్టుకుని నడుస్తూ కాఫీ చెట్లు దాటిపోయాడు. ఇక ఆ కంచె దగ్గరికి రాలేదు. రోడ్డుమీద కారేమీ లేదు. కూడలి దాకా నడిచి, బస్సు కోసం, మళ్ళీ మొదలైన వానలో నిలబడతాడని నాకూ తెలుసు, ఇంటాయనకీ తెలుసు. అయినా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు. కారు బయల్దేరే చప్పుడు కోసం వింటున్నవాళ్ళలాగే నిలబడ్డాం. లోపలివాళ్ళు మా అడుగులు వింటున్నారేమోనని.